చైనా వెళ్లిన మన డాక్టరు – కోట్నీస్

  పోయిన నెల గోడపత్రికలో మహనీయుల శీర్షికలో పదో తరగతి అక్క కొమురం భీం గురించి రాసింది. ఈ నెల వంతు నాది. నేను డాక్టర్ కోట్నీస్ గురించి రాస్తున్నాను. ఈయన పేరు మన హాస్టల్లో ఎవరిని అడిగినా తెలవదు అన్నారు. అందుకే ఈయన్నే తీసుకున్నాను. గాంధీజీ గురించి, నెహ్రూ గురించి అందరూ రాస్తారు, మళ్లీ నేనెందుకు? లైబ్రరీ బీరువాలోని పాత పుస్తకం చదివి, సోషల్ సార్‌ని అడిగి ఇది రాశాను.

ఆయన పూర్తి పేరు ద్వారకానాథ్ శాంతారాం కోట్నీస్. 1910 అక్టోబరు 10న మహారాష్ట్రలోని షోలాపూరులో పుట్టాడు. తండ్రి పేరు శాంతారాం. ఆయన బట్టల మిల్లులో గుమాస్తా. ఇంట్లో మొత్తం ఎనిమిది మంది పిల్లలు. ముగ్గురు మగ, ఐదుగురు ఆడ. ఒక్క గుమాస్తా జీతం మీద ఎనిమిది మందిని సాకడం అంటే ఎట్లా ఉంటుందో మన ఇళ్లల్లో చూస్తున్నాం కాబట్టి దాని గురించి నేను ఎక్కువ రాయక్కర్లేదు.

షోలాపూరు అంటే మనకి తెలియని ఊరేం కాదు. మన సంతలో మందంగా, పువ్వులు నేసిన దుప్పట్లు అమ్ముతారు కదా, షోలాపూర్ దుప్పట్లు అని, అవి అక్కడివే. ఆ ఊళ్లో తెలుగువాళ్లు కూడా చాలా మంది ఉన్నారు. తెలంగాణ నుండి పద్మశాలీలు మగ్గం పని కోసం బతకడానికి పోయి అక్కడే ఉండిపోయారు. ఇప్పటికీ అక్కడ వీధుల్లో తెలుగు వినపడుతుందంట. ఆ ఊరికి ఇంకో పేరు కూడా ఉంది. 1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహం అప్పుడు షోలాపూరు ప్రజలు తిరగబడితే బ్రిటిష్ వాళ్లు అక్కడ మార్షల్ లా పెట్టారు. 1931 జనవరిలో ఆ ఊరి వాళ్లను నలుగురిని ఉరి తీశారు. అప్పటికి కోట్నీస్‌కి ఇరవై ఏళ్లు. సొంత ఊరి వాళ్లను ఉరి తీస్తే ఇరవై ఏళ్ల పిల్లవాడి మనసులో ఏముంటుందో ఆలోచించండి.

తర్వాత ఆయన బొంబాయి వెళ్లి సేథ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో డాక్టరు చదివాడు. పాసయ్యాక ఇంకా పై చదువు చదవాలనుకున్నాడు. చదివి బొంబాయిలోనే ఉంటే డబ్బులు వచ్చేవి, ఇంటికి ఆధారం అయ్యేది. కానీ అట్లా జరగలేదు.

ఇక్కడ చైనా సంగతి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. చైనా మన పక్క దేశం. జపాన్ వాళ్లు 1931లోనే చైనాలో మంచూరియా అనే పెద్ద ప్రాంతాన్ని ఆక్రమించుకున్నారు. 1937 జులై 7న బీజింగ్ దగ్గర ఒక వంతెన కాడ గొడవ మొదలై అది పెద్ద యుద్ధం అయింది. జపాన్ వాళ్ల దగ్గర విమానాలు, ట్యాంకులు, ఓడలు అన్నీ ఉన్నాయి. చైనా వాళ్ల దగ్గర మనుషులే ఎక్కువ, ఆయుధాలు తక్కువ. షాంఘై పోయింది. డిసెంబరులో నాన్జింగ్ అనే రాజధాని పోయింది. అక్కడ జపాన్ సైనికులు చేసిన హత్యలు, ఆడవాళ్ల మీద చేసిన అత్యాచారాలు లెక్కకి అందవు. దాన్ని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఇక్కడ కూడా రాయను. చిన్న పిల్లలు కూడా చదువుతారు కదా.

దెబ్బలు తగిలిన వాళ్లు వేలు, లక్షలు. కట్టు కట్టడానికి డాక్టర్లు లేరు. అప్పుడు చైనా సైన్యంలో జూ దే అనే జనరల్ ఉండేవాడు. ఆయన మన నెహ్రూ గారికి ఉత్తరం రాశాడు, డాక్టర్లని పంపి సాయం చేయండి అని. అప్పుడు మన దేశానికే స్వాతంత్ర్యం లేదు. మనకంటూ సొంత ప్రభుత్వం లేదు, మన సైన్యం మన మాట వినదు. ఏం పంపాలి మనం? కానీ కాంగ్రెస్ వాళ్లు లేదు అనలేదు. 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్. ఆయన దేశమంతా చైనా దినం జరపమని పిలుపునిచ్చాడు. జులైలో ఊరూరా మీటింగులు పెట్టి చందాలు వసూలు చేశారు. అట్లా 22 వేల రూపాయలు పోగయ్యాయి. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. వాటితో అంబులెన్సు, మందులు, డాక్టర్లను పంపాలని నిర్ణయించారు.

ఇందులో నాకు నచ్చిన విషయం ఏందంటే, ఇంట్లో గింజలు లేనివాళ్లే పక్కింటోళ్లకి సోలెడు బియ్యం ఇవ్వడం. మా గూడెంలో అట్లా ఇస్తారు. ఎందుకిచ్చావు అని అడిగితే మా అమ్మ, రేపు మనకి లేనప్పుడు వాళ్లు ఇవ్వరా అంటుంది. దేశాలు కూడా అట్లా చేస్తాయని నేను అనుకోలేదు.

చైనా వెళ్లడానికి డాక్టర్లు కావాలి అని తెలిసి కోట్నీస్ పేరిచ్చాడు. వాళ్ల ఇంట్లో చైనా గురించి ఎవరికీ ఏమీ తెలవదు. చైనా వాళ్లు పట్టు బట్టలు అమ్ముకుంటూ వస్తారు, అంతే తెలుసు అని వాళ్ల చెల్లెలు తర్వాత చాలా ఏళ్లకి చెప్పింది. అక్కడ యుద్ధం, ఇక్కడ ఇంటినిండా పిల్లలు. అయినా పంపారు.

మొత్తం ఐదుగురు డాక్టర్లు. పెద్ద, మదన్ మోహన్‌లాల్ అటల్. ఈయన అంతకుముందే స్పెయిన్ దేశంలో యుద్ధం జరిగితే అక్కడికీ పోయి వైద్యం చేసి వచ్చాడు. నాగపూర్ నుండి చోల్కర్, ఈయన వయసులో అందరికన్నా పెద్దవాడు. కలకత్తా నుండి బసు, ముఖర్జీ. ఐదో ఆయన మన కోట్నీస్. 1938 సెప్టెంబరు 1న బొంబాయిలో రాజపుతానా అనే ఓడ ఎక్కారు. అప్పటికి కోట్నీస్‌కి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఏడాది పని చేసి తిరిగి రావాలని మాట.

సెప్టెంబరు నెలలోనే కాంటన్ రేవులో దిగారు. సన్ యెట్ సేన్ భార్య సాంగ్ చింగ్ లింగ్ గారు వాళ్లకి స్వాగతం చెప్పింది. వాళ్ల పేర్లు పలకడం చైనా వాళ్లకి కష్టం కాబట్టి చైనా పేర్లు పెట్టారు. ఐదుగురి పేర్ల చివరా హువా అని ఉంటుంది. హువా అంటే చైనా. కోట్నీస్ పేరు కె దిహువా. (మనకి కూడా బళ్లో వేసినప్పుడు సార్లు పేర్లు మార్చి రాశారు కదా. కానీ అది ప్రేమతో కాదు, మన పేర్లు నోరు తిరగక.)

వాళ్లు దిగిన నెలకే, అక్టోబరులో, కాంటన్‌ను జపాన్ పట్టుకుంది. హాంకౌ కూడా పోయింది. వీళ్లు వైద్యం చేసుకుంటూ, బాంబులు పడుతుంటే ఒక ఊరు నుండి ఇంకో ఊరికి జరుగుతూ చివరికి చుంకింగ్ చేరారు. అక్కడ ఉండగా ఇంటి నుండి కబురు వచ్చింది. కోట్నీస్ తండ్రి చనిపోయాడు.

మిగతా డాక్టర్లు ఆయన్ని ఇంటికి వెళ్లమన్నారు. ఆయన వెళ్లలేదు.

ఈ ముక్క నేను రాత్రి మా రూంలో చదివి వినిపిస్తే పెద్ద గొడవ అయింది. సగం మంది ఆయన తప్పు చేశాడు అన్నారు. తండ్రి పోతే కొడుకు రాకుండా ఉంటాడా, తల్లి ఎట్లా తట్టుకుంటది, చెల్లెళ్లను ఎవరు చూస్తారు అన్నారు. మా క్లాసులో ఒకమ్మాయి నాయన చనిపోతే దినాలకని ఇంటికి వెళ్లింది. తమ్ముళ్లు చిన్నోళ్లు, అమ్మ కూలికి పోవాలి, ఇంక తిరిగి రాలేదు. ఆమె ట్రంకు పెట్టె ఇంకా మా రూంలోనే ఉంది. లెక్కల్లో నాకన్నా ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చేవి. కాబట్టి నేను మాత్రం ఆయన వెళ్లకపోవడం తప్పని అనలేను. వెళ్లుంటే చుంకింగ్‌కి మళ్లీ తిరిగొచ్చేవాడా? ఓడ ఖర్చు ఎవరిస్తారు, ఇల్లు ఎవరు వదుల్తారు? అక్కడ వరండాల్లో పడుకోబెట్టిన గాయాలోళ్లు ఆయన్ని వెళ్లొద్దని అడగలేదు, అడిగే ఓపిక కూడా వాళ్లకి లేదు. వాళ్ల అమ్మ వైపు నుండి చూస్తే మాత్రం నా దగ్గర జవాబు లేదు. మీరెవరైనా రాసి ఇస్తే వచ్చే నెల గోడ మీద పెడదాం.

1939 ఫిబ్రవరిలో వాళ్లు యెనాన్ చేరారు. అక్కడ మావో, జూ దే వాళ్ల సైన్యం ఉండేది. దాన్ని ఎనిమిదవ రూట్ సైన్యం అంటారు. యెనాన్ అంతా పచ్చటి మట్టి గుట్టలు. జనం గుట్టల్ని తొలిచి గుహల్లో ఉంటారు. ఆస్పత్రి కూడా గుహల్లోనే. విమానాలు వచ్చి బాంబులేసినా గుహలో ఉంటే బతకొచ్చు. చలికాలంలో మంచు పడుతుంది. తినడానికి ఎక్కువగా జొన్నలూ కొర్రలూ అంట. జొన్న అంబలి మనకి కొత్త కాదు కానీ బొంబాయిలో చదివిన డాక్టరుకి కొత్తే.

ముఖర్జీ, చోల్కర్ ఆరోగ్యం బాగాలేక ఆ ఏడాదే ఇండియాకి వచ్చేశారు. ఏడాది గడువు అయిపోయింది. మిగిలిన ముగ్గురూ వెనక్కి రాకుండా ఇంకా ముందుకి, యుద్ధం జరిగే చోటికి బయల్దేరారు. 1940లో అటల్ గారు కూడా జబ్బు చేసి వచ్చేశారు. ఇద్దరే మిగిలారు. బసు గారు యెనాన్‌లో పని చేశారు, 1943లో ఇంటికి వచ్చారు. సూదులు గుచ్చి చేసే చైనా వైద్యాన్ని తర్వాత మన దేశంలో మొదలుపెట్టింది ఆయనే.

కోట్నీస్ మాత్రం శత్రువు చుట్టూ ఉన్న కొండల్లోకి పోయాడు. అక్కడ అంతకుముందు నార్మన్ బెతూన్ అనే కెనడా డాక్టరు ఉండేవాడు. ఆయన కూడా వేరే దేశం నుండి వచ్చినవాడే. ఆపరేషన్ చేస్తుంటే వేలు తెగి, రక్తంలో విషం ఎక్కి 1939 నవంబరు 12న చనిపోయాడు. ఒక్క వేలికి చిన్న గాటు, దానికే పోయాడు. మందు లేక. ఆయన పేరు మీద ఒక ఆస్పత్రి పెట్టారు, బెతూన్ అంతర్జాతీయ శాంతి ఆస్పత్రి అని. 1941 జనవరిలో దానికి కోట్నీస్‌ని డైరెక్టరు చేశారు.

ఆస్పత్రి అంటే మన ఏరియా ఆస్పత్రి లాగా బిల్డింగు అనుకోకండి. పల్లెల్లో రైతుల ఇళ్లే వార్డులు. జపాన్ వాళ్లు వస్తున్నారని కబురు తెలిస్తే మొత్తం మూటలు కట్టి, గాయాలోళ్లను మోసుకుంటూ కొండెక్కాలి. జపాన్ వాళ్లు చుట్టూ దారులు మూసేశారు కాబట్టి మందులు రావు. కట్లు ఉతికి ఆరబెట్టి మళ్లీ కట్టేవాళ్లు. శత్రు సైన్యం పల్లెలకి పల్లెలు కాల్చేసేది. అయినా జనం తమ ఇళ్లల్లో గాయాలోళ్లను దాచేవాళ్లు.

నేను చిన్నప్పుడు, అంటే నాలుగో తరగతిలో, మా పెద్దమ్మ కూతురికి కాన్పు నొప్పులు వస్తే కర్రకి దుప్పటి కట్టి జెట్టీ మీద మోసుకుపోయారు. వానాకాలం, వాగు దాటాలి. నలుగురు మోస్తే ఇంకో నలుగురు మార్చుకోవడానికి వెనక నడిచారు. తీరా ఆస్పత్రికి పోతే డాక్టరు లేడు, టౌనులో ఉంటాడంట, రేపు వస్తాడంట. మా అక్క బతికింది, బిడ్డ బతకలేదు. ఆ డాక్టరు ఉన్న టౌనుకి మా గూడేనికి మధ్య సముద్రం లేదు, యుద్ధం లేదు. కోట్నీస్ గురించి చదువుతుంటే నాకు ప్రతి పేజీలో ఈ సంగతే గుర్తుకొచ్చింది.

1940లో పెద్ద పోరాటం జరిగింది. అప్పుడు కోట్నీస్ యుద్ధం జరిగే చోటికి దగ్గర్లోనే ఆపరేషన్లు చేశాడు. ఒకసారి 72 గంటలు నిద్ర లేకుండా చేశాడని రాసి ఉంది. అంటే మూడు పగళ్లు, మూడు రాత్రులు. మనం పరీక్షల ముందు ఒక్క రాత్రి మేల్కొంటేనే తెల్లారి ప్రేయర్‌లో తూలుతాం. ఆ పోరాటంలో ఆయన 800 మందికి పైగా గాయాలోళ్లకు వైద్యం చేశాడు.

ఇంకో గొప్ప విషయం, ఆయన చైనా భాష నేర్చుకున్నాడు. మాట్లాడడమే కాదు, చదవడం రాయడం కూడా. చైనా భాషలో మనలాగా యాభై ఆరు అక్షరాలు కాదు, ఒక్కో మాటకి ఒక్కో బొమ్మలాంటి అక్షరం, వేలకొద్దీ ఉంటాయంట. ఒకటో తరగతిలో మనకి టీచరు తెలుగులో చెబుతుంటే కోయ మాట్లాడే మనకి ఏం అర్థమయ్యేది కాదు. వేరే భాష నేర్చుకోవడం అంటే ఏందో మనకి బాగా తెలుసు. ఆయన పెద్దయ్యాక, డాక్టరయ్యాక, మళ్లీ ఒకటో తరగతి పిల్లాడిలాగా మొదలుపెట్టాడు. జబ్బుపడిన రైతు ఎక్కడ నొప్పి అన్నాడో డాక్టరుకి అర్థం కావాలి కదా. తర్వాత ఆ భాషలోనే అక్కడ కుర్రాళ్లకి వైద్యం పాఠాలు చెప్పాడు. వాళ్ల కోసం ఆపరేషన్ల మీద పుస్తకం కూడా రాయడం మొదలుపెట్టాడు.

బెతూన్ సమాధి దగ్గర జరిగిన కార్యక్రమంలో గువో చింగ్ లాన్ అనే ఆమె ఆయన్ని మొదటిసారి చూసింది. ఆమె బీజింగ్‌లో నర్సు చదువు చదివింది. అక్కడి వైద్య పాఠశాలలో నర్సులకు పాఠాలు చెప్పేది. 1941 నవంబరులో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. 1942 ఆగస్టు 23న కొడుకు పుట్టాడు. పేరు యిన్ హువా. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. సరిగ్గా అదే నెలలో ఇక్కడ మన దేశంలో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. ఆ ఏడాదే ఆయన చైనా కమ్యూనిస్టు పార్టీలో చేరాడు.

అప్పటికే ఆయనకి మూర్ఛ జబ్బు వచ్చింది. పని, తిండి సరిగా లేకపోవడం, చలి. విశ్రాంతి తీసుకోమని, వేరే చోటికి పోయి వైద్యం చేయించుకోమని పెద్దవాళ్లు చెప్పినా వదిలి వెళ్లలేదు. 1942 డిసెంబరు 9న గెగాంగ్ అనే పల్లెలో మూర్ఛలు ఒకదాని వెనక ఒకటి వచ్చి చనిపోయాడు. ఆయన వయసు 32. కొడుకుకి నాలుగు నెలలు కూడా నిండలేదు. పుస్తకం సగంలో ఆగిపోయింది. ఊరి జనం, సైనికులు కలిసి నాంక్వాన్ అనే ఊళ్లో సమాధి చేశారు. మావో, సాంగ్ చింగ్ లింగ్ సంతాపం రాశారు. తర్వాత ఆయన్ని షిజియాజువాంగ్ నగరంలో అమరవీరుల శ్మశానానికి మార్చారు. అక్కడ ఆయన విగ్రహం కూడా ఉంది. బెతూన్ గారి సమాధి కూడా అక్కడే.

జపాన్ ఓడిపోవడం ఆయన చూడలేదు, అది 1945లో. మనకి స్వాతంత్ర్యం రావడమూ చూడలేదు. 1946లో శాంతారాం అనే ప్రసిద్ధ డైరెక్టరు ఆయన కథని హిందీ సినిమా తీసి, తానే కోట్నీస్ వేషం వేశాడు. కొడుకు యిన్ హువా కూడా డాక్టరు చదువుతూ 1967లో 24 ఏళ్లకే చనిపోయాడు. గువో చింగ్ లాన్ గారు చాలా ఏళ్లు బతికారు. చాలాసార్లు ఇండియాకి వచ్చి అత్తగారి ఇంటివాళ్లను చూసి పోయారు. 2012లో చనిపోయారు. అదే ఏడాది షోలాపూరులో కోట్నీస్ పుట్టిన ఇంటిని మ్యూజియం చేశారు.

ఇది రాస్తున్నానని తెలిసి ఒక చెల్లి అడిగింది, చైనా వాళ్లు మన శత్రువులు కదా అక్కా, వాళ్లకెందుకు వైద్యం చేశాడు అని. నిజమే, 1962లో చైనాకి మనకి యుద్ధం జరిగింది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది చనిపోయారు. అందులో కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట ఆయన. కానీ కోట్నీస్ వెళ్లినప్పుడు అవేవీ జరగలేదు. అప్పుడు జపాన్ కొడుతోంది, చైనా దెబ్బలు తింటోంది. దెబ్బలు తినేవాళ్ల దగ్గరికి పోయాడు. ఆ తర్వాత గొడవలు జరిగినా చైనా పెద్దలు ఇండియాకి వచ్చినప్పుడు కోట్నీస్ చెల్లెళ్లను పిలిచి కలిసేవాళ్లు. ఆ చెల్లికి నేను ఇదే చెప్పాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

పక్కన ఉన్న మ్యాప్ అట్లాస్ చూసి నేనే గీశాను. నీలం గీత ఓడ దారి, బొంబాయి నుండి కాంటన్ దాకా. ఎర్ర గీత కాంటన్ నుండి యెనాన్ దాకా. అక్కడికి ఎర్ర స్కెచ్ అయిపోయింది, అందుకని యెనాన్ నుండి గెగాంగ్ వైపు దారి పెన్సిల్‌తో వేశాను. దయచేసి ఎవరూ చేత్తో రుద్దకండి.